సెలవుల ఇల్లు – ఎవరికి సెలవు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టి, తాళం వేసి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. కాపురం ఉండడానికి కాకుండా, ఊరికే వచ్చి పోవడానికి కూడా ఇల్లు కట్టుకునేవాళ్ళుంటారని పాపం వాళ్ళకు తోచి ఉండదు.

ఇప్పుడు అలాంటి ఇళ్ళకు మా వైపు కొదవలేదు. హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే సూర్యాపేట, ఆ తర్వాత కోదాడ. నల్గొండ మీదుగా తిరిగితే మిర్యాలగూడ. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు పారిన మేర వరి పండింది, బియ్యం మిల్లులు వెలిశాయి, పిల్లలకు పెద్ద చదువులు వచ్చాయి. ఆ చదువులతో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడినవాళ్ళకు ఇప్పుడు పొలం గట్టున ఓ ఇల్లుంటే బాగుండుననిపిస్తోంది. బతుకమ్మ పండుగకు నాలుగు రోజులు, సంక్రాంతికి మూడు రోజులు, పిల్లల సెలవుల్లో ఓ వారం. పుట్టినచోట నీడ కోరుకోవడం తప్పా అంటే, ఎంతమాత్రం కాదు.

నన్ను వేధించే ప్రశ్న వేరు. సెలవుల ఇల్లంటే అసలు సెలవు ఎవరికి?

మగవాళ్ళకు దిగగానే వేపచెట్టు కింద మంచం పడుతుంది. ఆడవాళ్ళకు? మా బంధువుల్లో ఒకావిడ నవ్వుతూనే అంది: "వదినా, రెండో ఇల్లంటే రెండో వంటిల్లే కదా!" నెలల తరబడి మూసిన గదులు దులపాలి, పరుపులు ఎండెయ్యాలి, డబ్బాల్లో పురుగుపట్టిన పప్పు పారబొయ్యాలి. ఇల్లు ఇంటిలా కనిపించేసరికి తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకునే వేళవుతుంది.

పోనీ, తాళం వేసిన ఇల్లు వేసినట్టుగా ఉంటుందా? మన ఎండలకూ వానలకూ అంత మర్యాద తెలియదు. గాలి ఆడని గదిలో గోడలకు బూజు పడుతుంది. తలుపు చట్రాల వెంట చెదలు పాకుతాయి. ఆర్నెల్లు తిప్పని బోరు మోటారు పట్టేస్తుంది. డాబామీద నీళ్ళు పోయే గొట్టానికి నాలుగు వేపాకులు అడ్డం పడితే చాలు, నీళ్ళు నిలిచి స్లాబు చెమ్మగిల్లుతుంది. రోజూ మనిషి చెయ్యి పడుతూ ఉంటేనే ఇక్కడ ఇల్లు నిలుస్తుంది. ఆ చెయ్యి ఎవరిదన్నదే అసలు సంగతి.

కోదాడ దగ్గర అలాంటి ఇల్లొకటి చూశాను. నాలుగు పడకగదులు, నాలుగింటికీ తాళాలు. ఇల్లు చూసుకునే దంపతులు ఇద్దరు పిల్లలతో పెరట్లో రేకుల గదిలో ఉంటున్నారు. మా వైపు ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటడం వింతకాదు. ఆ రేకుల కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇల్లాలు వాకిలి ఊడుస్తూ నాతో అంది: "వాళ్ళు పది దినాలుంటరమ్మా. నేను ఏడాదంత ఊడుస్త. ఇంటికి నేనంటేనే ఎక్కువ ఎరుక." ఆ గొంతులో ఫిర్యాదేమీ లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే.

జీతం ఇస్తున్నారు కదా అంటారు మీరు. ఇస్తున్నారు, నిజమే. కానీ జీతం ఊడ్చినందుకు. ఎదురుగా చల్లని గదులు ఖాళీగా ఉండగా పసిపిల్లలు ఆ రేకుల కింద ఉడికిపోతుంటే, దానికి జీతంతో చెల్లు వేయగలమా? కాగితాలమీద ఇల్లు కట్టినవారిదే, అందులో సందేహం లేదు. అయితే మన హక్కు ఎంతవరకు అన్న ప్రశ్నతో పాటే మన బాధ్యత ఎంతవరకు అన్నది కూడా పుడుతుంది.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది. ఒక స్త్రీ పేరుతో ఇన్ని వందల ఏళ్ళుగా నిలిచిన గుడి! ఆ కాలంలో గుడి కట్టించినవాళ్ళు దాని నిత్యకృత్యాలకు భూమి కూడా రాసిచ్చి, ఆ సంగతి శాసనాల్లో చెక్కించడం ఆనవాయితీ. కట్టడం ఒకనాటి పని, నిలబెట్టడం రోజూ చేసే పని అని వాళ్ళకు తెలుసు. దీపం పెట్టే మనిషికి అన్నం ఎక్కడినుంచి వస్తుందో ముందే ఆలోచించారు. దేవుడి ఇంటికే అంత ఏర్పాటు కావలసి వస్తే, మనుషుల ఇంటికి అక్కర్లేదా?

కనుక అలాంటి ఇల్లు తలపెట్టిన అక్కచెల్లెళ్ళకు నాదొక మనవి. ప్లాను గీయించేటప్పుడు ముందుగా ఇల్లు చూసుకునేవాళ్ళ గది గీయించండి. దానికి రేకులు కాదు, మంచి కప్పు వేయించండి. ఫ్యాను, కుళాయి, మరుగుదొడ్డి మీకెలా కావాలనుకుంటారో వాళ్ళకూ అలాగే ఉండనివ్వండి. వీధివైపు ఒక అరుగు కట్టించండి. మన పాత పెంకుటిళ్ళకు ఉండేది కదా, దారిన పోయేవాళ్ళు కాసేపు కూర్చోవడానికి ఎవరినీ అడగనక్కర్లేని చోటు! మీరు లేనప్పుడు కనీసం ఒక్క గదైనా తెరిచి, ఆ పిల్లల్ని అక్కడ చదువుకోనివ్వండి. మనుషులు మసిలితే ఇల్లు చెడదు, పైగా నాలుగేళ్ళు ఎక్కువ నిలుస్తుంది.

ఇక సెలవుల్లో అక్కడికి వెళ్ళినప్పుడు ఇంకో చీపురు కూడా కొనండి. అది మీవారి చేతికివ్వండి. ఇల్లు నిలవాలంటే ఎన్ని చేతులు కావాలో వారికీ తెలిసిరావాలిగా!