చట్టం మారితే న్యాయం మారుతుందా?

పోడు చేసిన తాతపై కేసు పెట్టిన ప్రభుత్వమే మనవడికి పట్టా ఇచ్చింది. నేల అదే, చెమట అదే. మారింది కాగితం. అయితే తాత చేసింది నేరమా, కాదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కాగితం ఎందుకు మారిందో తెలియాలి.

రైలు పట్టాలకు కలప, ఖజానాకు ఆదాయం కావాలని బ్రిటిష్ వాళ్లు 1878 చట్టంతో అడవులను రిజర్వు చేశారు. నిజాం రాజ్యంలోనూ అదే జరిగింది. దానికి ఎదురు నిలిచిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. స్వాతంత్య్రం వచ్చాక 1952 విధానం జాతీయ అవసరాల ముందు అడవి పక్క ఊళ్ల అవసరాలను చిన్నవి చేసింది. 1972 స్టాక్‌హోమ్ సదస్సు తర్వాత పర్యావరణం దేశం మాటైంది. 1980 చట్టంతో అటవీ భూమిని మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. 1988 విధానం అడవికీ ఆదివాసీకీ ఉన్న బంధాన్ని గుర్తించింది. మనకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది.

అన్యాయం జరిగిందని చట్టమే ఒప్పుకున్నాక తాత నేరస్థుడు ఎట్లా అవుతాడు? న్యాయం ముందు నుంచీ ఉంది, చట్టమే ఆలస్యంగా వచ్చింది.

అయితే ప్రతి మార్పూ న్యాయం వైపే నడవదు. నేనుండే రామంతాపూర్‌లో చెరువు ఒకప్పుడు పంటకు ఆధారం. నగరం పెరిగాక అది ఖాళీ జాగాలా కనిపించింది. 2020 వరదల తర్వాత మళ్లీ చెరువుగా గుర్తొచ్చింది. అవసరం మారితే చూపు మారుతుంది. 2019లో పులుల కోసం కాపాడుతున్న అమ్రాబాద్ అడవిలోనే యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, ప్రజలు ఎదిరించారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. 2022 నిబంధనలు మాత్రం హక్కుల పరిష్కారం కాకముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చే వీలు కల్పించాయి.

విధానం మారడమే తప్పు కాదు. కొత్త విషయం తెలిసినప్పుడు మారాలి. అడవి తరిగిపోతుంటే మనం కూడా మన పద్ధతులను సరిచూసుకోవాలి. కానీ ఎవరి బతుకు మారుతుందో వాళ్లను అడగకుండా చేసిన మార్పుకు చట్టబలం ఉండొచ్చు, న్యాయబలం ఉండదు.

అందుకే బడిలో సంవత్సరాలు బట్టీ పట్టిస్తే చాలదు. ప్రతి చట్టం దగ్గరా పిల్లలు రెండు ప్రశ్నలు వేయాలి: ఇది ఎవరి అవసరం? గ్రామసభను ఎప్పుడు అడిగారు, నిర్ణయానికి ముందా, తర్వాతా?