చెవి చెప్పే లెక్క

పాత కార్లలో బండి ఎంత వేగంగా పోతోందో చూపే ముల్లు ఉండేది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు మాత్రం చాలావాటిలో ఉండేది కాదు. 1983 చివర్లో వచ్చి 2014 దాకా తయారైన మారుతి 800నే తీసుకోండి. మన మధ్యతరగతి వాళ్ళు ఎంతోమంది స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ చిన్న బండిలోనే. ఆ రెండో ముల్లు లేకుండానే ఎప్పుడు రెండు నుంచి మూడుకు వెళ్ళాలో, ఎప్పుడు తిరిగి రెండుకు దిగాలో వాళ్ళకు తెలిసింది. ఎలా తెలిసింది? నోటితో చెప్పలేని దాన్ని తెలివి అనవచ్చునా? అలాంటి తెలివిని నమ్ముకుని ఇంకొకరి మంచిచెడ్డలు నిర్ణయించవచ్చునా? మొదటి రెండు ప్రశ్నలూ సరదాకి వేసుకోవచ్చు. మూడోది అలా కాదు.

ముందు బండి సంగతి చూద్దాం. సాయంత్రం ఆరింటికి మా మారతహళ్ళి వంతెన దగ్గర బండి నడిపేవాడికి మూడో గేరు అరుదుగా దక్కే భాగ్యం. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. ఇంజను గొంతు పెంచి బిగుసుకుంటే పై గేరు అడుగుతోందని అర్థం. కాలు నొక్కినా బండి ముందుకు దూకకుండా మూలిగి వణికితే కింది గేరు అడుగుతోందని అర్థం. నేర్పేవాళ్ళు ఇరవైలో రెండు, ముప్ఫై దాటాక మూడు అని అంకెలు చెబుతారు. చదునైన రోడ్డు మీద, ఒక్కడే కూర్చున్నప్పుడు ఆ అంకెలు సరిపోతాయి. నలుగురు మనుషులు, వెనక సామాను, ఎదురుగా ఎత్తు ఉన్నప్పుడు అదే అంకె దగ్గర బండి నీరసపడుతుంది. అంకెకు బరువు తెలియదు. రెండో ముల్లు ఉన్నా అంతే. అది ఎన్ని చుట్లో చెబుతుంది గాని, ముందున్నది ఎక్కుడో దిగుడో చెప్పదు.

అలాగని చెవి కూడా సర్వజ్ఞురాలేమీ కాదు. ఇక్కడినుంచి తిరుమలకు సొంత బండిలో వెళ్ళివచ్చేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డున ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డున దిగుతాం. ఎక్కేటప్పుడు ఇంజను అరిస్తే ఒక అర్థం, దిగేటప్పుడు అరిస్తే ఇంకో అర్థం. దిగేటప్పుడు కింది గేరులో ఇంజను అరుస్తోందంటే బండిని పట్టి ఆపుతోందన్నమాట. పాపం కష్టపడుతోందని పై గేరు వేశామా, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాగిపోతాయి. శబ్దం ఒకటే అయినా సందర్భాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. కాబట్టి చెవితోపాటు, ఇప్పుడు మనం చేయవలసిన పనేమిటన్న ఎరుక కూడా ఉండాలి.

ఇలాంటి తెలివి మనకు కొత్తది కాదు. అరిసెల పాకం పట్టే ఇల్లాలు ఉష్ణమాపకం వాడదు. ఒక చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తుంది. కన్నడ సీమలో బతుకుతున్న మనం అంగడిలో కన్నడంలో మాట మొదలుపెట్టి, అవతలివాడి పలుకులో ఏదో యాస తగలగానే తెలుగులోకి మారిపోతాం. ఎక్కడ మారాలో మనకు ఏ వ్యాకరణమూ చెప్పలేదు. గిల్బర్ట్ రైల్ అనే ఆంగ్ల తత్త్వవేత్త 1949లో వచ్చిన తన గ్రంథంలో ఒక విషయం తెలిసి ఉండటం వేరు, ఒక పని చేయడం తెలిసి ఉండటం వేరు అని వాదించాడు. మన వంటింటికి ఆ తేడా ఎప్పుడో తెలుసు.

ఇక మూడో ప్రశ్నకు వస్తాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నాకు అది రోజూ ఎదురయ్యే ప్రశ్న. నేను చేరిన కొత్తలో, 1990లలో, అప్పు అడిగినవాడి దుకాణానికి మేనేజరు స్వయంగా వెళ్ళేవాడు. సరుకు చూసేవాడు, గిరాకీ చూసేవాడు, పక్క కొట్టువాడితో నాలుగు మాటలు కలిపేవాడు. "మనిషిని చూస్తే తెలిసిపోతుందయ్యా" అనేవాడు. చాలాసార్లు నిజమే అయ్యేది. కాని అదే మాట అనే ఇంకో అధికారిని కూడా చూశాను. లుంగీతో వచ్చినవాడికి, ఫలానా వీధివాడికి, మగతోడు లేకుండా వచ్చిన ఆడమనిషికి ఆయన చెవిలో ఏదో అపశ్రుతి వినిపించేది. కాదనేవాడు. ఆయన ఇచ్చిన అప్పులు తిరిగి వసూలయ్యేవి, అందుచేత తన చెవి మీద ఆయనకు నమ్మకం ఇంకా పెరిగేది. కాదన్నవాళ్ళు అప్పు తీర్చగలిగేవాళ్ళో కారో తేలే దారే లేదు.

ఇంజనుకూ మనిషికీ తేడా ఇక్కడే ఉంది. తప్పు గేరు వేస్తే ఇంజను అప్పటికప్పుడే వణుకుతుంది, లేదా ఆగిపోతుంది. చెవిని దిద్దుతుంది. తిరస్కరించబడిన మనిషి నోరెత్తకుండా మెట్లు దిగి వెళ్ళిపోతాడు. సహజజ్ఞానాన్ని శంకించే డేనియల్ కానెమన్, దాన్ని సమర్థించే గేరీ క్లైన్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞులిద్దరూ కలిసి 2009లో రాసిన వ్యాసంలో దాదాపు ఇదే తేల్చారు. పరిస్థితుల్లో ఒక క్రమం ఉండి, దాన్ని నేర్చుకునేందుకు తగినంత అభ్యాసమూ, చేసినదానికి జవాబూ దొరికే చోటనే అలాంటి అంచనాను నమ్మవచ్చునని.

2000లో సిబిల్ సంస్థ ఏర్పడింది. తర్వాత అప్పు అడిగేవాడికి 300 నుంచి 900 దాకా ఒక అంకె వచ్చింది. ఆ అంకె లుంగీని చూడదు, వీధి పేరు అడగదు. అది చిన్న న్యాయం కాదు. అయితే ఇరవై ఏళ్ళుగా ఒక్క నెల తప్పకుండా చిట్టీ కట్టిన పూలబండి ఆవిడ బ్యాంకు అప్పు ఎన్నడూ ఎరగదు కనక ఆ అంకెకు ఆవిడ ఎవరో తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. బల్లకు ఇవతల కూర్చున్నవాడికి ఆ అంకె మంచి చాటు. "సిస్టం ఒప్పుకోవడం లేదమ్మా" అంటే సరిపోతుంది, కాదన్నది తాను కాదు. వెనకటి అధికారి అన్యాయం చేసినా, కాదన్నది తానేనని ఒప్పుకునేవాడు.

అందువల్ల ముల్లా చెవా అన్న తగువు నాకు అంత ముఖ్యంగా తోచదు. అడగవలసింది, మన నిర్ణయం తప్పైతే ఆ సంగతి మనదాకా ఏ దారిన వస్తుంది అని. ఆ దారి ఉన్నచోట చెవిని నమ్మవచ్చు. లేనిచోట దాన్ని వేయడం నిర్ణయించేవాడి ధర్మం. అప్పు కాదన్నప్పుడు కారణం కాగితం మీద పెట్టాలి. రేపు ఇంకొకరు చదివి ప్రశ్నించడానికి వీలుండాలి. అంకెను బట్టి కాదన్నా, ఆ మాట తనదిగానే చెప్పాలి, ఎదుటి మనిషికి ఇంకేమైనా చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

ఇప్పుడు తనంత తానే గేరు మార్చుకునే బండ్లు మారతహళ్ళి రోడ్ల మీద నిండిపోతున్నాయి. బ్యాటరీ బండ్లలో చాలావాటికి మార్చే గేర్లే లేవు. ఎడమకాలికి విశ్రాంతి దొరికితే మంచిదే, నాకేమీ చింత లేదు. బండి గేరు యంత్రం మార్చినా, బల్లకు అవతల నిలబడ్డ మనిషి బరువెంతో, ఎక్కుడులో ఉన్నాడో దిగుడులో ఉన్నాడో చూడవలసిన పని మాత్రం ఎవరో ఒకరు చేయాలి. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. కాదనే ముందు ఇంకొక ప్రశ్న అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.