గుండెల మీద బండ

మా కుసుమంచిలో మిరప కోతలప్పుడు ఆడవాళ్ళకు జబ్బు పడే తీరిక కూడా ఉండదు. అలాంటి రోజుల్లోనే, కల్లంలో కాయలు తిరగేస్తూ మా పెద్దమ్మ, "గుండెల మీద బండ పెట్టినట్టుంది బిడ్డా" అంది. ఆమె చిన్న కూతురు అత్తగారింటి నుంచి తిరిగొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. "అంత దిగులు పెట్టుకోకు పెద్దమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. మధ్యాహ్నం వీపు లాగుతోందంది. బస్తాలు ఎత్తింది కదా అనుకున్నాం. రాత్రికి నొప్పి దవడ దాకా పాకింది, చెమటలు పట్టాయి, వాంతి చేసుకుంది. చూపిస్తే గ్యాసన్నారు. ఆ మాత్ర నీళ్ళతో అందించింది నేనే. మర్నాడు ఖమ్మంలో ఈసీజీ తీసేసరికి గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయి ఉంది.

అంతకు మూడేళ్ళ ముందు అదే ఇంట్లో పెదనాన్న ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. అరగంటలో కారొచ్చింది. ఖమ్మం, అక్కడినుంచి హైదరాబాదు, ఆరోగ్యశ్రీ కింద స్టెంటు. ఆయన చెయ్యి చాలింది. ఈమెకు రోజంతా చెప్పిన మాటలు చాలలేదు.

ఎదుటి మనిషి నొప్పిని నమ్మడం తెలివికి సంబంధించిందా, నీతికి సంబంధించిందా? "మాకు తెలియలేదు" అనుకుంటే తప్పు కొంత తేలికవుతుంది. నేనూ చాలాకాలం ఆ తేలికలోనే తలదాచుకున్నాను.

తెలియకపోవడానికి కారణాలు లేకపోలేదు. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ పనికొస్తుందా అని 1980ల్లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో పాల్గొన్నది 22,071 మంది డాక్టర్లు. అందరూ మగవాళ్ళే. దాదాపు నలభై వేలమంది ఆడవాళ్ళ మీద అదే ప్రశ్న వేసి జవాబు ప్రకటించింది 2005లో. జవాబు వేరుగా వచ్చింది: వాళ్ళలో పక్షవాతం తగ్గింది గానీ, మొత్తం మీద మొదటి గుండెపోటు తగ్గలేదు. ఇక పల్లెవాళ్ళకు గుండెజబ్బేమిటి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలు లెక్కగట్టినప్పుడే గుండె, రక్తనాళాల జబ్బులు మొదటి స్థానంలో తేలాయి.

వైద్యం మాత్రం ఆగలేదు. అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి చవకైన స్టెంటును తయారుచేసింది మన హైదరాబాదులోనే. లక్ష దాటిన మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. నాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్లున్నాయి. మొదటి గంటల్లో పడితేనే వాటి మేలు ఎక్కువ. పెద్దమ్మ ఆ గంటల్ని మా ఓదార్పులు వింటూ గడిపింది.

అయితే తెలిస్తే సరిపోతుందా? స్కాట్లాండులో పది ఆసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళలో అది మగవాళ్ళకంటే తక్కువ ఉంటుంది కాబట్టి, వాళ్ళకు వేరే గీత గీసి చూశారు. పాత గీత కింద తప్పిపోయిన ఎంతోమంది ఆడవాళ్ళు బయటపడ్డారు. కానీ వాళ్ళకు అందిన చికిత్సలు మగవాళ్ళకు అందిన వాటిలో సుమారు సగమే. ఆ తర్వాత వాళ్ళ పరిస్థితీ మెరుగుపడలేదు. రక్తపరీక్ష చెప్పింది, మనుషులు వినలేదు. అది చదివాక "తెలియలేదు" అన్న నా మాట నాకే పనికిరాకుండా పోయింది.

ఆడవాళ్ళ లక్షణాలు వేరు, వాళ్ళు సరిగా చెప్పరు అంటారు. కొంత నిజమే, వీపూ దవడా వాంతీ వాళ్ళలో ఎక్కువ. కానీ గుండెపోటు వచ్చిన ఆడవాళ్ళలో కూడా ఎక్కువమందికి కనిపించేది ఛాతీ బాధే. "అసాధారణ ఛాతీ నొప్పి" అనే మాటనే వాడొద్దని 2021లో అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు చెప్పాయి. ఎవరికి అసాధారణం, ఎవరితో పోలిస్తే?

పెద్దమ్మ చెప్పింది కూడా ఛాతీ సంగతే. మన భాషలో ఆడదాని గుండె బరువెక్కుతుంది, చెరువవుతుంది, పెళ్ళికాని కూతురు దాని మీద కుంపటవుతుంది. ఇన్ని బాధలు మోసే ఆ గుండెకు రక్తనాళాలుంటాయని గుర్తు రాదు. ఆమె బండ అంటే నేను బాధ అని విన్నాను. అదీ ప్రేమతోనే. నిర్లక్ష్యం చేశామని ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. నేను దగ్గర కూర్చుని తల నిమిరాను కదా! కానీ ఆమె చెప్పింది వినకుండా, నా దగ్గరున్న అర్థాన్ని ఆమె నోట్లో పెట్టాను. స్త్రీల మాటకు విలువ లేదని సభల్లో మాట్లాడి వచ్చే మనిషిని నేను.

ఆమె మాత్రం ఈ సంగతి వచ్చినప్పుడల్లా, "నేనే సరిగా చెప్పలేదులే" అంటుంది. మూడుసార్లు చెప్పావు పెద్దమ్మా, నేను లెక్కపెట్టాను అంటే నవ్వేస్తుంది. ఇప్పుడు ఆమె గుండె బలహీనం. మాత్రలు వేసుకుంటుంది, ఉప్పు తగ్గించింది, పెదనాన్నకు విడిగా వండుతుంది.

మొన్న ఫోన్లో గొంతు తేడాగా వినిపించింది. "ఏం లేదు బిడ్డా, కాస్త ఆయాసం." ఎప్పటినుంచి అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నిన్న పొద్దుటినుంచి" అంది.