మన వైపు అబద్ధం

ప్రత్యర్థిని ఓడించడానికి పనికివచ్చే అబద్ధాన్ని మనం చెప్పవచ్చునా? ఇలా అడిగితే కూడదనే అందరమూ అంటాం. కాని అబద్ధం ఎప్పుడూ ఇంత ముఖాముఖిగా వచ్చి అనుమతి అడగదు. నా దగ్గరికి అది ఒక విద్యార్థి ప్రశ్నగా వచ్చింది. నేను దాన్ని చెప్పను కూడా లేదు, నవ్వి ఊరుకున్నానంతే.

కొన్నేళ్ల కిందట ఇంటర్ పిల్లలను తిరుమలకు తీసుకుపోయాను. నారాయణగిరి మీద శ్రీవారి పాదాల దగ్గర జనం వరసకట్టి మొక్కుతున్నారు. స్వామి కొండమీద మొదట కాలు మోపిన చోటు అదేనని వారి నమ్మకం. మా పిల్లల్లో చురుకైనవాడొకడు, చిత్తూరు దగ్గరి పల్లెవాడు, నా చెవి దగ్గరికి వచ్చి "ఇవి డైనోసార్ అడుగులు గదా సార్?" అన్నాడు. కాదని నాకు తెలుసు. అయినా ప్రశ్నించడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడు, వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమెందుకు అనుకున్నాను. అంతకన్న చిన్న కారణం కూడా ఉంది: వాడి కళ్లకు నేను హేతువాదిగా కనిపించాలి.

కాదని ఎట్లా తెలుసు? ఆ కొండే చెబుతుంది. ఘాట్ రోడ్డు పక్కన బండను కోసిన చోట అడుగున గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. పైరాయి వయస్సు సుమారు 160 కోట్ల ఏళ్లు. కిందిది అంతకన్న ఎంతో పాతది; రెంటికీ మధ్య కోట్లాది ఏళ్ల చరిత్ర పుటలు ఊడిపోయినాయి. డైనోసార్లు పుట్టి సుమారు 23 కోట్ల ఏళ్లే. అడుగు రాతిలో నిలవాలంటే తడిమట్టి మీద పడాలి, ఆ మట్టి ఆరాలి, మరో వరద తెచ్చిన ఒండ్రు దాన్ని కప్పాలి, ఆ తర్వాత అంతా రాయి కావాలి. గట్టిపడిన బండమీద ఏ మృగమూ ముద్ర వెయ్యలేదు. తిరుమల రాయి ఇంకా ఇసుకగా ఉన్ననాడు భూమి మీద కాలున్న ప్రాణే లేదు.

నా నవ్వును వాడు అవుననే తీసుకున్నాడు. ఇంటికి పోయి, ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే అవ్వతో "నువ్వు మొక్కేది బల్లికే అవ్వా" అన్నాడట. ఆమె వాడితో చాలాకాలం మాట్లాడలేదు. తర్వాత వాడు డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాడు, చదివి నా దగ్గరికే వచ్చాడు. "మీరు గూడా ఒక స్థలపురాణమే చెప్పినారు సార్" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

తెలుగు నేలకు నిజమైన సాక్ష్యం లేక కాదు. ప్రాణహిత గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో యాదగిరి కోటాసారస్ అని పేరు పెట్టాడు. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. మొసలి రూపంలోని పారాసూకస్ ఎముకలు కూడా ఆ లోయలోని మలేరి రాళ్లలో దొరికినాయి. పిల్లలను హైదరాబాదు తీసుకుపోవాలంటే రైలు ఛార్జీలు కావాలి. నవ్వుకు ఖర్చు లేదు.

అడుగుజాడను చదవడం ఎంత కష్టమో చెప్పే కథ ఒకటుంది. 1834లో జర్మనీలో హిల్డ్‌బుర్గ్‌హౌసెన్ రాతిగనుల్లో మనిషి చేతిముద్రల వంటివి బయటపడ్డాయి. మరుసటి ఏడు కౌప్ ఆ జంతువుకు కైరోథీరియం, అంటే చేతిమృగం, అని పేరు పెట్టాడు. ఎలుగుబంటి అన్నవారున్నారు, కోతి అన్నవారున్నారు, పెద్దకప్ప అన్నవారూ ఉన్నారు. చిక్కేమిటంటే బొటనవేలు వెలుపలివైపున ఉంది! అందుకని ఆ జంతువు కాలికి కాలు అడ్డంగా వేస్తూ నడిచిందని బొమ్మ కూడా గీశారు. మన చెయ్యి గుర్తుకు వచ్చింది గనుక అది బొటనవేలే కావాలి. జంతువు ఎట్లా నడిస్తే ఏం? 1925లో జోయెర్గెల్ అనే ఆయన అది బొటనవేలు కాదు, అయిదోవేలు అని వాదించి, మొసళ్ల దూరపు చుట్టాన్ని ఆ జాడల నుంచే ఊహించాడు. అటువంటి పాదమున్న టిసినోసూకస్ ఎముకలను క్రెబ్స్ వర్ణించింది 1965లో. నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్లూ ఊహ ఊహగానే ఉండవలసి వచ్చింది. మనకు నలభై నిమిషాల ఓపిక ఉండదు.

టెక్సస్‌లో పాలుక్సీ నది ఒడ్డున నిజంగానే డైనోసార్ జాడలున్నాయి. 1930ల మాంద్యంలో అక్కడి పేదలు కొందరు రాళ్లమీద రాక్షసపాదాలు చెక్కి అమ్ముకున్నారు. వారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. వారిది ఆకలి. నాకు నెలనెలా జీతం వస్తుంది.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకం నుంచి పరిణామవాదాన్ని తొలగించినప్పుడు 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, ఇతరులు బహిరంగలేఖ మీద సంతకాలు చేశారు. వారు చేసింది న్యాయం. నేనూ మా స్టాఫ్‌రూములో గట్టిగానే మాట్లాడాను. మాట్లాడుతూ ఉంటే ఆ కుర్రవాడే గుర్తుకు వచ్చాడు. వాళ్లు ఉన్నదాన్ని తీసేశారు, నేను లేనిదాన్ని చేర్చాను.

కిందటేడు మళ్లీ పిల్లలతో కొండకు పోయాను. మరొకడు అదే ప్రశ్న అడిగాడు. కాదు అన్నాను. రాయి వయస్సు చెప్పాను. "అయితే దేవుడివేనా సార్?" అన్నాడు. ఆ సాక్ష్యం కూడా ఆ రాయి చెప్పదన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. కొండ దిగేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా పోయి వెనక కూర్చున్నాడు.