వికర్ణుడు - యుయుత్సుడు

ధృతరాష్ట్రుని కుమారులనగానే దుర్యోధనుడును దుశ్శాసనుడును తలపునకు వత్తురు. తక్కినవారు లెక్కకు మాత్రమే మిగిలిరి. అయినను ఆ యింట ధర్మమెరిగిన కుమారులిద్దరు కలరు. ఒకడు గాంధారికి జన్మించిన వికర్ణుడు. రెండవవాడు ధృతరాష్ట్రునకు పరిచర్య చేసిన వైశ్యకాంతకు జన్మించిన యుయుత్సుడు. పురాణము చెప్పువారు వీరిని రెండు మాటలతో దాటిపోవుట వాడుక. కాని యీ సోదరులను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, ధర్మమును తెలియుటకును ధర్మమున నిలుచుటకును నడుమ గల దూరమెంతయో బోధపడును.

ద్యూతసభలో ధర్మరాజు ముందుగా తన్నోడెనా, తననోడెనా యని ద్రౌపది యడిగినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణుడును కృపుడును నోరు విప్పరైరి. విదురుడు చెప్పిన మాటను వినువారు లేరైరి. అప్పుడు వికర్ణుడు లేచి, ఈ సాధ్వి ప్రశ్నకు బదులు చెప్పుడని పెద్దలను పలుమారు వేడెను. ఎవ్వరును పలుకకుండుట చూచి, చేతులు నలుపుకొని, నిట్టూర్చి, తానే తీర్పు చెప్పెను. వేట, మద్యపానము, జూదము, స్త్రీలోలత యను నాలుగు వ్యసనములలో చిక్కినవాడు చేసిన పని చెల్లదు. ద్రౌపది యేవురకును భార్య. ధర్మరాజు తన్నోడిన పిమ్మటనే ఆమెను పణముగా నొడ్డెను. ఒడ్డుమని ప్రేరేపించినవాడు శకుని. కావున ఆమె గెలువబడినది కాదు. ఇదియే యాతని వాదము.

సభ యొక్కసారి ఘూర్ణిల్లెను. పలువురు వికర్ణుని మెచ్చిరి. అంతలో కర్ణుడు లేచి, నీవు బాలుడవై యుండి వృద్ధుని వలె మాటలాడుచున్నావని గద్దించి, ద్రౌపది వస్త్రము నొలువుమని దుశ్శాసనుని ప్రేరేపించెను. వికర్ణుని తీర్పు సత్యమైనను, ఒక్క చేతినైనను అది ఆపజాలదయ్యెను.

అటుపిమ్మట వికర్ణుడెక్కడ నుండెను? దుర్యోధనుని ప్రక్కనే యుండెను. విరటుని గోవులను పట్టిన సేనలోను ఉండెను, కురుక్షేత్రమునను ఉండెను. యుద్ధము 14వ దినమున భీముని చేత కర్ణుడు నలిగిపోవుచుండగా, ఆతనిని కాపాడుటకై దుర్యోధనుడు తమ్ములను పంపెను. అట్లు వెళ్లి ప్రాణములు విడిచినవారిలో వికర్ణుడొకడు. ఏ కర్ణుడు నిండుసభలో తన ధర్మవాక్యమును త్రోసిపుచ్చెనో, ఆ కర్ణుని రక్షించుటకే యాతని విల్లు వినియోగపడినది. ధృతరాష్ట్రపుత్రుల నందరను చంపుదునని ప్రతిన పూనిన భీముడు సైతము, వికర్ణుడు నేలకొరగగా దుఃఖించెను.

అన్నను విడువరాదనుటయు, పిలిచిన యుద్ధమునకు వెనుదీయరాదనుటయు ధర్మములే కదా యని కొందరందురు. కుంభకర్ణుడును రావణునకు హితము చెప్పి, పిదప రావణుని కొరకే మడిసెను. అందుచేతనే వ్యాసుడు వికర్ణుని నిందింపలేదు. కాని యొక చోట చెప్పిన సత్యము, మరియొక చోట అసత్యమునకు కావలి కాయుటను న్యాయముగా మార్చజాలదు.

ఇక యుయుత్సుడు. భీమునకు పెట్టిన అన్నములో విషము కలిపిన సంగతి బాల్యముననే పాండవులకు తెలిపినవాడీతడు. యుద్ధారంభమున ధర్మరాజు గురువృద్ధులకు నమస్కరించి, సేనల నడుమ నిలిచి, మమ్ము వరించువారున్నచో రావచ్చునని ఎలుగెత్తి పలికెను. కౌరవసేన నుండి యుయుత్సుడు కదలెను. వెనుక తండ్రి, సోదరులు, పదునొకండు అక్షౌహిణుల సేన. ముందు ఏడు అక్షౌహిణులు మాత్రమే. విభీషణునకు లంకారాజ్యము దక్కినది. యుయుత్సునకు రాజ్యమిత్తునని ఎవ్వరును చెప్పలేదు. ధర్మరాజాతనిని తనవానిగా స్వీకరించి, ధృతరాష్ట్రుని వంశతంతువును పిండప్రదానమును నీయందే కనబడుచున్నవని మాత్రమనెను.

ఆ మాట యెట్లు ఫలించెనో చూడుడు. దుర్యోధనుడు ఓడి మడుగున దాగిన పిమ్మట శిబిరములోని రాజస్త్రీలను క్షేమముగా హస్తినకు చేర్చినవాడు యుయుత్సుడు. ధృతరాష్ట్రుడు గాంధారీ కుంతులతో కూడ దావాగ్నిలో దగ్ధుడైనప్పుడు, పాండవులు గంగాతీరమున యుయుత్సుని ముందిడుకొనియే జలతర్పణములు విడిచిరి. వారు మహాప్రస్థానమునకు బయలుదేరునప్పుడు పరీక్షిత్తును, రాజ్యభారమును ఆతని చేతనే పెట్టిరి. తండ్రి పక్షమును విడిచిన కుమారుడే తండ్రికి నీళ్లు విడిచెను. తండ్రి పక్షమున నిలిచిన నూరుగురలో అందుకు మిగిలినవాడొక్కడును లేడు.

ఆంధ్రమహాభారతములో వికర్ణుని సభావాక్యము నన్నయగారి పాలబడినది. యుయుత్సుని నడక తిక్కనగారి పాలబడినది. అట్లే మాట యొక చోటను, నడత యొక చోటను ఉండుట మన గృహములలోను కలదు. కట్నము పాపమని పదిమందిలో పలికిన పెద్దమనిషి, తన కుమారుని పెండ్లిలో ఆ సొమ్ము లెక్కపెట్టు చోట మౌనముగా కూర్చుండును. తమ్ముని పాలు అన్న కాజేయుట అన్యాయమని యింటిలో గొణిగినవాడు, పంచాయితీలో అన్న ప్రక్కననే నిలుచును. వీరు దుర్మార్గులు కారు, ధర్మమెరుగనివారును కారు. వీరు వికర్ణులు. దుర్యోధనుని బలములో దుష్టుల సంఖ్య స్వల్పము. తప్పని తెలిసియు విడువలేక నిలిచినవారే అధికము.

నుడియు నడతయు ఒక్కటి కావలెనని బసవేశ్వరుడు బోధించినది యిందులకే. కులమును బట్టి గొప్పతనము లేదని ఆయన చెప్పిన మాటకును దాసీపుత్రుడనిపించుకొన్న యుయుత్సుడే సాక్షి.

తప్పును తప్పని చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము లేనివాడు వికర్ణునకైనను సరిరాడు. చెప్పిన పిమ్మట ఆ తప్పు జరుగు పంక్తి నుండి లేచి వచ్చుటకు ఇంకను ధైర్యము కావలెను. ఆ నాలుగడుగులు వేయువారి వలననే ఒక యింట దీపము నిలుచును.