దాపట ఎద్దు

మొదటి కోడిపుంజు అల్లడం పూర్తయిన రోజు దాన్ని తీసుకెళ్లి మా అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, దాన్ని తిరగేసి, తోక కింద దారం ఎలా ముడేశానో చూసి, "ఏం కోడమ్మా ఇది?" అన్నారు.

"పుంజు, అత్తయ్యా."

"పుంజని తెలుస్తూనే ఉంది. డేగా, కాకా, నెమలా?"

నాకు జవాబు తోచలేదు. ఎక్కడో చూసిన నమూనా పట్టుకుని ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, నెత్తిన జుట్టు అల్లుకుంటూ పోయాను. చూడ్డానికి బాగుంటుందని వేసిన రంగులు అవి. అత్తయ్య కాసేపు చూసి, "ఎరుపూ నలుపూ కలిసింది కాబట్టి కాకి డేగ అనుకుందాం" అని దానికి తనే పేరు ఖాయం చేశారు. నా చిన్న ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముడుపోయిన మొదటి బొమ్మ అదే. ఆ పేరుతోనే పెట్టాను, ఆ పేరు చూసే కొన్నారు. కొన్నవారిది భీమవరం దగ్గర పల్లెటూరట, ఉండేది పుణేలో.

గోదావరి జిల్లాల్లో పుంజుకు ఈకను బట్టి పేరు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, వీపు మీదా రెక్కల మీదా పసుపు తేలితే నెమలి. రంగులు కలిస్తే పేర్లూ కలుస్తాయి. ఏ రోజున ఏ పుంజును ఏ దిక్కు నుంచి పందెంలోకి దింపాలో చెప్పడానికి కుక్కుట శాస్త్రమే ఉంది. పెళ్లయి పిఠాపురం వచ్చాక పాదగయకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అక్కడ శివుడు కుక్కుటేశ్వరుడు, లింగం కోడి రూపంలో ఉంటుంది. యజ్ఞం కోసం ఒళ్లు అప్పగించి ఏడు రోజులు కదలనని పడుకున్న గయాసురుణ్ణి గడువుకు ముందే లేపడానికి, తెల్లవారకముందే శివుడు కోడై కూశాడని స్థలపురాణం. గయాసురుడి పాదాలు ఉన్న చోటు కాబట్టి పాదగయ. కోడినే దేవుడిగా కొలిచే ఊళ్లో ఉంటూ, చేతికి వచ్చిన రంగుల్లో కోడిని అల్లి దానికి 'పుంజు' అని పేరు పెట్టి ఊరుకున్నానే అని ఆ రోజు నిజంగా సిగ్గేసింది.

అప్పటినుంచి పుంజుల్ని చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ మనసును పట్టి కుదిపే సంగతి ఒకటి తెలిసింది. మా వైపు పుంజును అందరికన్నా శ్రద్ధగా చూసేది పందెం కట్టేవాళ్లే. దాని కంటి రంగు, కాలి పొలుసులు, మెడ నిక్కు, అన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. బాదంపప్పు పెట్టి పెంచుతారు, ఈత కొట్టిస్తారు, బిడ్డలా చంకన పెట్టుకుని తిప్పుతారు. సంక్రాంతికి దాని కాలికి కత్తి కడతారు. జంతుహింస నివారణ చట్టం వచ్చింది 1960లో, కోర్టులు వద్దన్నాయి, అయినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఇంత దగ్గరగా చూసిన కళ్లే దాని నెత్తురునూ చూడగలుగుతున్నాయి. దేన్నైనా బాగా చూస్తే ప్రేమ దానంతటదే పుడుతుందని నేను నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ నమ్మకం లేదు. చూడటం వేరు, దాని బతుకు దానిదని ఒప్పుకోవడం వేరు. సంక్రాంతి ముందు కత్తి కట్టిన పుంజు కావాలని ఏటా ఇద్దరు ముగ్గురు అడుగుతారు. చెయ్యనండీ అని చెబుతాను. కారణం అడిగినవారికి కారణం కూడా చెబుతాను.

తాబేలు సంగతీ అంతే. మొదట్లో చిలకపచ్చ రంగులో, నవ్వే మూతితో అల్లేదాన్ని. పిల్లల పుట్టినరోజులకు బాగా పోయేవి. ఒక చలికాలం పొద్దున ఉప్పాడ ఒడ్డుకు వెళ్తే ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు ఒకటి చచ్చి పడి ఉంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డు వెతుక్కుంటూ వచ్చే కాలం అది. ట్రాలర్ల వలల్లో చిక్కితే పైకి వచ్చి ఊపిరి తీసుకునే వీలుండదు, నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతాయి. పక్కన కూర్చుని చూశాను. డిప్ప పచ్చగా లేదు. బూడిద రంగులో కాస్త ఆలివ్ ఛాయ, అంచుల దగ్గర కొంచెం లేతగా, పైనుంచి చూస్తే హృదయం ఆకారం. ముందరి రెక్కలు ఈదుతూ ఈదుతూ ఆగిపోయినట్టు చాచి ఉన్నాయి. ఇంటికొచ్చి చిలకపచ్చ దారం పక్కన పెట్టేశాను. ఇప్పుడు నా తాబేళ్లు బూడిద రంగువి, నవ్వవు. తక్కువే అమ్ముడవుతాయి. అయినా మార్చను.

అత్తయ్యది నరసాపురం వైపు. ఆ ప్రాంతానికి లేసు అల్లిక మిషనరీలతో వచ్చింది, 1844 నుంచి అని చెబుతారు. అత్తయ్య ఎనిమిదో ఏట సూది పట్టారట. నా సూది రెండున్నర మిల్లీమీటర్లు, ఆవిడది మిల్లీమీటరు కూడా ఉండదు. ఏజెంటు దారం కట్టలు ఇచ్చి వెళ్లేవాడు, కట్టల లెక్కన కూలి. ఆ లేసు ఏ దేశం వెళ్లేదో, ఎవరి బల్ల మీద పరిచేవారో ఆవిడకు ఎప్పుడూ తెలియలేదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా పనిచేసే ఆ ఆడవాళ్లను అందరూ గృహిణులనే అన్నారనీ, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందనీ ఆమె చూపించారు. ఈ మాట చెబితే అత్తయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా నాన్న కూడా అలాగే అనేవాడు. ఖాళీగా కూర్చోకుండా ఏదో అల్లుకుంటుందండీ అని" అన్నారు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో దక్కింది. ఊరికి పేరొచ్చింది, సంతోషమే. అల్లిన చేతుల పేర్లు ఏ చిట్టాలోనూ లేవు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. స్వెటర్‌ను యంత్రం అల్లగలదు. మేం చేసే ఈ కొక్కెం సూది అల్లికను, అంటే క్రోషేను, దాన్ని పోలిన గుడ్డ తీయడమే తప్ప, అచ్చంగా చెయ్యగల యంత్రం ఇప్పటికీ వాడుకలో లేదు. అంటే బజార్లో ఎంత చవగ్గా దొరికిన అల్లిక బొమ్మయినా ఎవరో ఒకరు కూర్చుని, కన్ను తరవాత కన్ను లెక్కపెట్టుకుంటూ అల్లిందే. నా కాకి డేగకు తొమ్మిది గంటలు పడుతుంది. 850 రూపాయలు పెట్టాను. "ఇలాంటిదే రెండొందలకు చూశామండీ" అంటారు. చూసే ఉంటారు, అబద్ధం కాదు. ఆ రెండొందల్లో దారం పోను, దూది పోను, అమ్మేవాడి లాభం పోను ఆ చేతికి ఎంత మిగిలి ఉంటుందో నేను లెక్క వేస్తాను. లెక్క తేలాక నా ధర తగ్గించాలని అనిపించదు.

ఇంత తెలిసిన నేను కూడా ఒక సంక్రాంతికి తడబడ్డాను. ఆర్డర్లు చేతికి మించి వచ్చాయి. మా వీధిలో ఇద్దరికి నేర్పించి, దారం ఇచ్చి, పుంజుకింత అని మాట్లాడుకున్నాను. వాళ్లు తెచ్చినవి వరసగా పెట్టి, కుట్లు సరిగ్గా లేని వాటిని పక్కకు తీస్తుంటే గుమ్మంలో కూర్చున్న అత్తయ్య అన్నారు: "నువ్వూ ఏజెంటువి అయ్యావమ్మాయ్."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అన్నారంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడి 2005లో అమెరికాలో మొదలైంది, చేత్తో చేసినవాళ్లే అమ్ముకునే చోటుగా. 2013లో బయటివాళ్లతో తయారు చేయించుకోవచ్చని నిబంధన మార్చితే, ఇక చేత్తో చేసింది అన్న మాటకు అర్థమేముందని చాలామంది అమ్మకందార్లు గొడవపడ్డారు. అది చదివినప్పుడు నేను ఆ గొడవపడ్డవాళ్ల పక్షమే. ఇప్పుడు నా దుకాణంలో 'నా చేత్తో అల్లినవి' అన్న వాక్యం కింద వేరేవాళ్ల చేతులు ఉన్నాయి.

మర్నాడు ఇద్దర్నీ పిలిచి, చేసినవారి పేరు చీటీ మీద రాసి బొమ్మకు కడతానన్నాను. పెద్ద మేలు చేస్తున్నట్టే అనుకున్నాను. వాళ్లలో పెద్దావిడ నవ్వి, "పేరెందుకండీ? పక్కకు తీసిన వాటికి కూడా కూలి ఇవ్వండి. వాటికీ అంతే సేపు కూర్చున్నాం కదండీ" అన్నారు. నేను కదిలిపోయాను. పేరు అనే మాటను అప్పటిదాకా ఎంతో పెద్దదిగా మోసుకు తిరిగాను. ఆవిడ అడిగింది తను కూర్చున్న గంటల లెక్క. పేరు నాకు తృప్తినిచ్చేది, లెక్క ఆవిడకు బియ్యమయ్యేది. అప్పటినుంచి గంటల లెక్కనే ఇస్తున్నాను, చెడిపోయినా సరే. చిన్నావిడ మాత్రం చీటీ కట్టమంది. తన పిల్లకు చూపించుకుంటుందట. దుకాణంలో ఆ వాక్యం కూడా మార్చాను. ఆర్డర్లు ఎన్ని తీసుకోవాలో ఇప్పుడు ముగ్గురం కూర్చుని అనుకుంటాం. ఇది చాలా అని ఎవరైనా అడిగితే చాలని చెప్పలేను. అమ్మేది నేనే, ధర పెట్టేదీ నేనే.

పోయినేడు టెక్సస్ నుంచి ఒక అబ్బాయి రాశాడు. గొల్లప్రోలు దగ్గర వాళ్ల ఊరు. నాన్నగారు పోయారు, అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. ఒకప్పుడు ఇంట్లో ఉన్న ఎద్దును అల్లి అమ్మకు పంపాలి. పంపిన ఫోటోలో మనుషులంతా నిలబడి ఉన్నారు, వెనకాల ఎద్దు సగమే ఉంది, ఒక కొమ్ము, ఒక చెవి, మెడ. కొమ్ములు రెండూ ఒకలాగే ఉండేవా అని అడిగాను. గుర్తులేదన్నాడు. ఒళ్లంతా తెలుపేనా? అదీ గుర్తులేదు. చివరికి, అమ్మకు ముందే తెలిసిపోయినా పర్వాలేదని ఆవిడ నంబరు ఇచ్చాడు.

ఫోన్ చేసి విషయం చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు: "ఏ ఎద్దమ్మా? వలపటదా, దాపటదా?"

కాడికి కుడి పక్క కట్టేది వలపటది, ఎడం పక్క కట్టేది దాపటది. ఫోటోలో ఉన్నదని చెప్పాను. "అయితే దాపటది" అన్నారు. ఇక ఆగలేదు. ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉండేదట. మెడ కింద గంగడోలు బాగా వేలాడేదట. కుడి చెవి చివర చిన్న చీలిక, ముళ్లకంచెలో చిక్కుకుని చీరుకుందట. "మెడ మీద కాడి రాసుకుని కాయ కాసి ఉండేది తల్లీ. అక్కడ వెంట్రుక మొలిచేది కాదు. మీ బాబాయ్ గారు రోజూ నూనె రాసేవారు. అది పెట్టగలవా?"

ఎప్పుడూ చూడని వాళ్లాయన్ని నాకు బాబాయ్ గారిని చేసేశారు. పెడతానన్నాను. ఆ కాయ కోసమే మూడుసార్లు విప్పి అల్లాను. తెల్లదారంలో రెండు వరసలు బూడిద రంగు కలిపితే మచ్చలా కనిపించింది. అది మచ్చ కాకూడదు, మోసిన బరువు తెలియాలి. అత్తయ్య చూసి, దారం మార్చకు, కుట్టు మార్చమన్నారు. ఆవిడే తన సన్న సూది తీసుకుని, సన్నదారంతో, అరచేతి గీతల్లా ఒత్తుగా ఆరు వరసలు అల్లి అక్కడ అతికించారు. చూపు ఆనక వేళ్లతోనే తడుముకుంటూ పూర్తి చేశారు. ఆ ఆరు వరసలకే ఒక సాయంత్రం పట్టింది. ఆవిడ గంటలు కూడా లెక్కలో రాశాను, వద్దంటున్నా.

పార్సెల్ అందిన రోజున ఆవిడ ఫోన్ చేశారు. బాగుందనో బాగాలేదనో అనలేదు. వేలితో మెడ దగ్గర తడిమి చూశానన్నారు. గూట్లో ఎడం పక్కకు జరిపి పెట్టానన్నారు. కాసేపాగి, "వలపటది కొంచెం పుల్ల రంగమ్మా. ఆ దారం ఉందా నీ దగ్గర?" అని అడిగారు.