సొంత కారు – పరుల వంతు

“నా సొమ్ముతో నేను కొనుక్కొన్న వస్తువును నా యిచ్చ వచ్చినట్లు మార్చుకొనుటకు నాకు హక్కు లేదా?” ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. బట్ట, పాత్ర, పెట్టె మొదలైన వాని విషయమున దీనికి ప్రత్యుత్తరము వెదుక నక్కఱలేదు. హక్కు కలదనియే యెల్లరు నొప్పుకొందురు. కాని సొత్తు పరుగెత్తు వస్తువైనప్పుడు, అదియు పదిమంది నడచు బాటమీద పరుగెత్తు వస్తువైనప్పుడు, ప్రశ్న యంత సులభముగా తీరదు. స్పోర్ట్సు కారును కొని, కంపెనీవారు బిగించి యిచ్చిన భాగములను తీసివైచి, వానికి మాఱుగా ఇతరులు తయారుచేసి యమ్ము టర్బోలను, సైలెన్సర్లను, కంప్యూటరు చిప్పులను బిగించి, బలమును పెంచుకొను నలవాటు నేడు అనేక దేశములలో నున్నది. అందలి మంచిచెడ్డలను గూర్చి యించుక విచారింప దలచితిమి.

ఈ విషయమున రెండు తొందరపాటు తీర్పులు వినవచ్చుచుండును. పెద్దలు “ఇది డబ్బు తగులబెట్టుట” యందురు. పడుచువారు “డబ్బు మాది, కారు మాది, మీకేమి?” యందురు. ఇరువురును ఒక్క పొరపాటే చేయుచున్నారని మా యభిప్రాయము. ఇరువురును చూచుచున్నది యజమాని జేబును మాత్రమే. ఆ జేబునకు వెలుపల నున్నవారి లెక్కను ఎవరును వ్రాయుట లేదు.

మొదట ఈ యలవాటునందలి మేలును దాచక చెప్పవలెను. మనలో చదువుకొన్నవాడు చేతికి మసి యంటుటను చిన్నతనముగా నెంచుట తరతరముల జాడ్యము. తన బండి యెట్లు నడచుచున్నదో తెలియక, అది నిలిచిపోయినచోట తానును నిలిచిపోవు పట్టభద్రులు మనకు తక్కువ లేరు. అట్టి సంఘములో ఒక యువకుడు సెలవుదినమున కారు క్రింద వెల్లకిల పండుకొని, మరలను విప్పి, గాలి యెటు పోవుచున్నదో పెట్రోలు ఎట్లు మండుచున్నదో కనుగొనినచో, అది విద్యయే కాని దుర్వ్యసనము కాదు. 1948లో కాలిన్ చాప్‌మన్ అను ఇంగ్లీషు యువకుడు పాత ఆస్టిన్ సెవెన్ కారు నొకదానిని తన కనువుగా తిరిగి కట్టుకొనెను. లోటస్ అను పేర ప్రసిద్ధి కెక్కిన కార్లలో అదియే మొదటిది. ఉన్నదానిని విప్పి చూడనివాడు క్రొత్తదానిని కట్టలేడు. కావున మార్పు నంతటిని ఒక్కమాటతో త్రోసివేయువారితో మేము చేరజాలము.

మఱి చిక్కెక్కడ నున్నది? దానిని తెలిసికొనుటకు జపాను దేశపు కారు నొకదానిని చూతము. 1988లో ఆ దేశమున రోడ్డు ప్రమాదములవలన మరణించినవారి సంఖ్య పదివేలు దాటెను. ఆ యాందోళన నడుమ అచ్చటి కార్ల కంపెనీలవారు 1989 మొదలు తమ దేశములో నమ్ము కార్ల బలమును 280 అశ్వశక్తికి మించి ప్రకటింపకుండ తమలో తామొక కట్టుబాటు చేసికొనిరి. అది శాసనము కాదు; మాట మాత్రమే. 2004లో హోండావారు 300 అశ్వశక్తి గల కారును విడుదల చేయువఱకు ఆ మాట నిలిచినది.

అదే 1989లో నిస్సానువారు స్కైలైన్ జీటీఆర్ అను కారును తెచ్చిరి. దాని యింజను 2568 సీసీలది. ఆఱు సిలిండర్లు, రెండు టర్బోలు గలది. ప్రకటించిన బలము 280. కాని యా యింజను పందెములకొఱకు గట్టిగా పోతపోయబడినది. పందెములలో దిగిన జీటీఆర్‌లు 500 అశ్వశక్తికి మించిన బలముతో పరుగెత్తి, 1990 నుండి 1993 వఱకు జపాను టూరింగు కార్ల పోటీలలో తాము పాల్గొన్న 29 పందెములకు 29 గెలిచినవి. అనగా దుకాణములో కొన్న కారులో సగము బలము నిద్రించుచుండెనని కొన్నవానికి తెలియును. తెలిసినవాడు ఊరకుండునా?

టర్బో యనగా మఱేమియు కాదు: ఇంజను వదలు పొగ వేగమునకు ఒక చిన్నచక్రము తిరుగును, అదే యిరుసుమీది రెండవ చక్రము బయటి గాలిని అదిమి యింజనులోనికి నెట్టును. గాలి హెచ్చిన కొలది పెట్రోలును హెచ్చుగా మండింపవచ్చును. ఆ కారులో గాలి యొత్తిడిని అదుపుచేయు సన్నగొట్టములో సన్నని రంధ్రము గల చిన్నముక్క యొకటి యుండును. దానిని లాగివేసిన చాలును, ఒత్తిడి పెరుగును, బలము పెరుగును. ఖర్చు లేదు, కష్టము లేదు. ఎందఱో యజమానుల మొదటి మార్పు ఇదియే. అయితే కంపెనీవారి టర్బోలలో పొగవైపు చక్రములు సెరామిక్కు అను పింగాణిజాతి పదార్థముతో చేయబడినవి. తేలిక గనుక చుఱుకుగా తిరుగును గాని, ఒత్తిడి హద్దు మీరినచో పగులును. అప్పుడు ఉక్కు చక్రముల టర్బోలు కావలెను. వానికి తగిన పెట్రోలు అందుటకు పెద్ద పంపు కావలెను. ఆ బలమునకు పాత క్లచ్చి జారును. క్రొత్త క్లచ్చి కావలెను. ఒక భాగము మఱియొక భాగమును పిలుచును. కోరికకు కోరిక తోడు తెచ్చుకొనును.

ఇంతవఱకు జరిగిన నష్టము యజమానిదే. ఇంటిలో మఱియొకరి యవసరమును త్రోసిపుచ్చి చేసిన ఖర్చు కానిచో, దీనిని అవివేకమనవచ్చును గాని యధర్మ మనరాదు. తన పొలములో తాను నష్టపు పంట వేసికొన్న రైతును ఊరివారు నిలదీయరు గదా!

కాని యా రైతే రాత్రివేళ పార పట్టుకొని పోయి, కాలువనుండి తన పొలములోనికి నీరు మళ్లు మడవను రెండింతలు వెడల్పు చేసికొన్నాడనుకొందము. పొలము అతనిదే, పార అతనిదే, తెగిన గట్టును అతని పొలపుగట్టే. అయినను తెల్లవారునప్పటికి కాలువ చివరనున్న మడులు ఎండిపోయినవి. అతడు తన వస్తువునే మార్చుకొనెను, పరుల వంతును కాజేసెను. ఈ రెండును ఒక్క పనియే. చెఱువు క్రింద సేద్యము చేసినవారికి ఈ ధర్మమును వేఱుగ బోధింప నక్కఱలేదు.

కారుకూడ ఇట్టి కాలువయే యని మా వాదము. కంపెనీవారు దానిని కట్టునప్పుడు యజమానికి కావలసిన బలమును మాత్రమే లెక్కింపరు. వీథిలో నిద్రించువారికి కొంత, గాలి పీల్చువారికి కొంత, బాట దాటువారికి కొంత, ప్రక్కను కూర్చుండువారికి కొంత వంతు వేసి, మిగిలినదానిని యజమానికి ఇత్తురు. సైలెన్సరు పొరుగువాని నిద్ర వంతు. దానిని తీసి బోలుగొట్టమును బిగించినవానికి కలుగు బలము స్వల్పము. ధ్వని పది డెసిబెల్లులు పెరిగిన, ధ్వనిశక్తి పదిరెట్లగును, చెవికది యించుమించు రెట్టింపుగా వినబడును. పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరు పసిపిల్లల ఊపిరి వంతు. తేనెపట్టువంటి దాని సన్నగదులకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల పూత యుండును. కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని, నత్రజని ఆక్సైడులను అది చాలవఱకు హానిలేని వాయువులుగా మార్చును. పొగ ధారాళముగా పోవుటకై దానిని తీసివైచువారు గలరు. ఆ పొగ వారి ముక్కునకు తగులదు. వెనుక వచ్చువారికి తగులును. బ్రేకులకును బలమునకును గల పొందిక బాటసారి ప్రాణపు వంతు. వేగము 100 నుండి 140 కిలోమీటర్లకు పెరిగినప్పుడు బండిలోని యూపు నూటికి నలువది వంతులు కాదు, దాదాపు రెట్టింపగును. బ్రేకు లంతటిని మ్రింగి వేడిగా మార్చవలెను. బలము పెంచి బ్రేకులను విడిచినవాడు తన డబ్బును మిగుల్చుకొన్నాననుకొనును. మిగుల్చుకొన్నది పరుల యాయువులోనుండి.

బలము పెంచుట యెల్లప్పుడు ఇట్టిదే కానక్కఱలేదనుటకు మంచి నిదర్శనము గలదు. 1959లో ఇంగ్లాండున వెలువడిన మినీ యను బుల్లికారు 848 సీసీలది, 34 అశ్వశక్తి గలది. పందెపుకార్లు కట్టు జాన్ కూపరు దానిలోని చుఱుకును కనిపెట్టి, తయారుచేయువారిని ఒప్పించి, 1961లో మినీ కూపరును తెప్పించెను. ఇంజను 997 సీసీలకును, బలము 55కును పెరిగినవి. అయితే దానితోపాటు ముందుచక్రములకు డిస్కు బ్రేకులు వచ్చినవి. ఆ జాతి కారే 1964లో మాంటీకార్లో ర్యాలీని గెలిచినది. పరుగును పెంచినవాడే నిలుపుటను పెంచెను. తన కెంత తీసికొనెనో బాటకంత తిరిగి యిచ్చెను.

మా వాదముపై వచ్చు ఆక్షేపణలను దాటవేయరాదు. మొదటిది: కంపెనీవారు ధర్మరాజులా? 280 అను కట్టుబాటు కాగితముపై నిలిచినది గాని, జీటీఆర్ యింజను పలుచోట్ల పరీక్షింపగా అంతకు మించియే చూపెను. గంటకు 180 కిలోమీటర్లు దాటనీయని కట్టడిని జపాను కార్లకు బిగించిరి. కాని నాడు అచ్చటి పెద్దబాటలపై గరిష్ఠ వేగము 100 మాత్రమే. ఇట్టివారు వేసిన వంతు పవిత్రమా? కాదు. వంతు వేసినవాని నిజాయితీ సందేహాస్పదమే. అంతమాత్రమున వంతు గలవారి హక్కు పోదు. నీరటికాడు లంచగొండి యని కడపటి రైతు నీటిని మనము మళ్లించుకొనవచ్చునా?

రెండవది ఇంతకంటె బలమైనది. ధనవంతుడు 700 అశ్వశక్తి గల కారును కొట్టులోనే కొని, నిరపరాధిగా బాట నెక్కుచున్నాడు. మధ్యతరగతివాడు పాతకారునకు ఒక టర్బో తగిలించిన తప్పగుచున్నది. ఇది న్యాయమా? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము నిలిపివేసినది. ఇందులో అన్యాయము లేదని మేము చెప్పజాలము. కాని యా కొలబద్దను విఱుచుట దీనికి మందు కాదు; దానిని ధనవంతునికిని పట్టుటయే మందు. బాటపై అక్కఱకు పదిరెట్లు బలమును కొన్నవాడును, రసీదు చూపించి తప్పించుకొనక, అది యెవరి వంతునుండి వచ్చినదో చెప్పవలసియే యుండును.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, కంపెనీవారు మొదట నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రము భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దానిని గట్టిపఱచెను. అదే సంవత్సరపు సవరణచట్టము, అనుమతి లేని ప్రతి మార్పునకును 5,000 రూపాయల జరిమానయో, ఆఱునెలల వఱకు ఖైదో, రెండునో విధింపవచ్చుననెను. శాసనము అవసరమే. కాని పోలీసువానికి జంకి సైలెన్సరును తిరిగి బిగించినవాడు, అతడు మలుపు తిరుగగానే విప్పును. పొరుగున జ్వరముతో పండుకొన్న ముసలివానిని తలచి బిగించినవాడు విప్పడు. శాసనము చేయలేని యీ పనికే ధర్మవిచారము కావలసియున్నది.

అట్లయిన నేమి చేయవలెను? మొదట, హద్దు దాటు పరుగుపై మక్కువ గలవాడు పందెపు బాటకు పోవలెను. అచ్చట నున్నవా రందఱును ఆ యపాయమును ఎఱిగి వచ్చినవారే. వీథిలోని బిడ్డ దానికి ఒప్పుకొని రాలేదు. రెండవది, బాటపై నడుపు కారునకు శాసన మనుమతించిన మార్పులనే చేయవలెను. అందును టైర్లును బ్రేకులును ముందు, బలము తరువాత. మూడవది, చేసిన మార్పును దాచరాదు. బీమావారికి చెప్పవలెను, కారు నమ్మునప్పుడు కొనువానికి చెప్పవలెను, అన్నిటికంటె ముందు, ఎడమవైపు సీటులో కూర్చుండు తల్లికో భార్యకో చెప్పవలెను. “ఈ కారు నీవు మొదట ఎక్కిన కారు కాదు, ఇందులో ఇంత మార్చితిని” అని యామె ముఖము చూచి చెప్పగలిగిన మార్పులో దోషము తక్కువగా నుండును. చెప్పుటకు నోరు రాని మార్పును గూర్చి మఱియొకసారి యోచింపవలెను.

ఈసారి యింటి పడుచువాడు కారు మూత తెఱచి, మోచేతులవఱకు మసితో నిలుచున్నప్పుడు పెద్దలు “ఎంత తగులబెట్టితివి?” అని యడుగవద్దని మా మనవి. ప్రక్కను నిలుచుండి, విప్పిన భాగమేదో, అది యేమి చేయుచుండెనో అడుగుడు. చెప్పించుకొనుడు. చెప్పుచుండగనే అతనికి తాను తీసినది ఎవరిదో తెలిసివచ్చును. తెలిసిన పిమ్మట కొన్ని భాగములను అతడే తిరిగి బిగించునని మా నమ్మకము.